కొండ వేటకు కాళ్లు, ఊపిరి

హైదరాబాదు ఉత్తరపు అంచున ఉన్న గాజులరామారంలో, ఇళ్లు ఎంతగా పెరిగినా, ఎక్కడో ఒకచోట బూడిదరంగు గుండురాయి తల ఎత్తి కనబడుతూనే ఉంటుంది. మేడ్చల్ వైపు సాగిపోయే ఈ గ్రానైటు బోళ్లు సుమారు 250 కోట్ల సంవత్సరాల నాటివని భూగర్భ శాస్త్రజ్ఞులు చెప్పుతారు. ఇవి కొండలు అనిపించుకోదగినంత ఎత్తైనవి కావు. ఊరే సముద్రమట్టానికి ఆరువందల మీటర్ల లోపు ఎత్తున ఉన్నది. దానిపై ఈ రాళ్లు మరికొన్ని పదుల మీటర్లు లేస్తాయి, అంతే. కుర్రవాళ్లు నాలుగు అంగల్లో ఎక్కి, నవ్వుకుంటూ దిగివస్తారు.

ఇటువంటి నేలమీద పుట్టి పెరిగిన మనిషి, నాలుగున్నరవేల మీటర్ల ఎత్తున హిమాలయపు బండలమీద తిరిగే ఐబెక్స్ అనే అడవిమేకను వెంబడించవలసి వస్తే తన దేహాన్ని ఏ విధంగా సిద్ధం చేసుకోవాలి? ఈ ప్రశ్న నేడు వేటగానికి సంబంధించినది కాదు. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం, దానికి 1991లో జరిగిన సవరణ, వేటను నిషేధించినవి. కాని ఒకప్పుడు కొండ వేటగాళ్లు వేసుకున్న ఈ ప్రశ్ననే తరువాత పర్వతారోహకులూ, సైనికులూ, చివరికి తెలంగాణలోని ఒక గురుకుల పాఠశాల విద్యార్థిని కూడ ఎదుర్కోవలసి వచ్చింది. జవాబు వెదకడానికి శరీరధర్మ శాస్త్రానికి రెండు వందల ఏళ్లు పట్టింది. ఆ జవాబు తెలియక పోయిన ప్రాణాలూ ఉన్నవి.

వేట అనగానే మనకు నిజాం కాలపు పులివేట జ్ఞాపకం వస్తుంది. మేడ్చల్ తాలూకా ఆనాడు అత్రాఫ్ బల్దా జిల్లాలో, అంటే నిజాం సొంత ఖర్చులకు ఉద్దేశింపబడిన సర్ఫెఖాస్ భూముల్లో, ఉండేది. ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ (పాలన 1869–1911) వేటలో పేరుమోసినవాడు. ఆస్థాన ఛాయాగ్రాహకుడు లాలా దీన్ దయాళ్ తీసిన వేట చిత్రాలు నేటికీ మిగిలి ఉన్నవి. వాటిలో ఒకటి 1902 నాటిది: వరంగల్లు సమీపాన నెక్కొండ వద్ద వైస్రాయి కర్జన్ దంపతులు చచ్చిన పులితో నిలబడి తీయించుకొన్నది. అలాంటి బొమ్మలో మనం గమనించవలసినది పులిని కాదు, ప్రభువుల బట్టలను. వాటిమీద నలుగు లేదు! ఏనుగు మోసుకుపోతుంది, మంచెమీద కూర్చోబెడతారు. డప్పులు కొడుతూ, కేకలు వేస్తూ, ముళ్లపొదల్లోపడి మైళ్లకొద్దీ నడిచి మృగాన్ని తుపాకి ముందుకు తోలుకువచ్చేది ఊరి కూలీలు. కాళ్లు ఒకరివి, కీర్తి మరొకరిది. ఈ వేటకు గురి కావాలి గాని దమ్ము అక్కరలేదు.

ఆస్ట్రియా యువరాజు ఫ్రాంజ్ ఫెర్డినాండ్ (1914లో సరయేవో నగరంలో హత్యకు గురై, మొదటి ప్రపంచయుద్ధానికి నిమిత్తమాత్రుడైనవాడు ఇతడే) 1893 జనవరిలో హైదరాబాదు వచ్చి నిజాం అతిథిగా ఇక్కడి అడవుల్లో వేటాడాడు. తన దేశంలో ఆల్ప్స్ కొండలమీద షామ్వా అనే కొండగొర్రెను వేటాడటం అతనికి అలవాటే. ఆ రెండు వేటల పేరు ఒకటేగాని దేహానికి అవి పెట్టే పరీక్షలు వేరు. షామ్వా మనిషిని చాలాదూరం నుండి చూడగలదు. నిట్టనిలువు చరియలమీద నిలబడగలదు. దాన్ని సమీపించాలంటే దానికి పైఎత్తున చేరవలసిందే. అక్కడికి ఏనుగు రాదు.

మన ప్రాంతంలో కాళ్లమీద ఆధారపడిన వేట నల్లమల చెంచులది. 1940లో అమ్రాబాదు పీఠభూమిపై చెంచుల మధ్య ఉండి వారి జీవితాన్ని అధ్యయనం చేసిన ఆస్ట్రియా దేశపు మానవశాస్త్రజ్ఞుడు ఫ్యూరర్ హైమెండార్ఫ్, తన పరిశీలనలను 1943లో గ్రంథంగా ప్రకటించాడు. చెంచులకు వేటకన్న గడ్డలు, పండ్లు సేకరించటమే ప్రధానమైన జీవనాధారం. అయినా విల్లు భుజాన వేసుకుని దినమంతా కొండవాలున తిరగటం, కొండచరియ అంచునుండి తాడు వేలాడదీసి దిగి తేనెపట్టు తీయటం వారికి నిత్యకృత్యాలు. వారిలో ఎవరూ ‘వ్యాయామం’ చేయలేదు. బ్రతుకే వ్యాయామం. అయితే నల్లమల శిఖరాలు వెయ్యి మీటర్లకు మించవు. కనుక అక్కడ కాళ్లు, గుండె బాగుంటే చాలు. గాలి పలుచబడే సమస్య లేదు.

నీలగిరులకు వెళితే కొంచెం తేడా వస్తుంది. మద్రాసు సైన్యంలో పనిచేసిన డగ్లస్ హామిల్టన్ అనే అధికారి దక్షిణ దేశపు వేటను గురించి వ్రాసిన గ్రంథం 1892లో వెలువడింది. నీలగిరి తాహిర్ అనే కొండమేక తిరిగే ఆ గడ్డికొండలు రెండువేల మీటర్లు దాటిన ఎత్తులోవి. అక్కడ పల్లపువాడికి ఆయాసం కొంచెం ముందుగా వస్తుంది, అంతే, జబ్బు చేయదు. అసలు పరీక్ష హిమాలయాలలో ఉన్నది.

సికింద్రాబాదు దండులో ఉన్న తెల్లదొరకు రెండు మూడు నెలల సెలవు దొరికిందనుకోండి. పందొమ్మిదవ శతాబ్దం చివరి దశకంలో అతడు రైలులో రావల్పిండి దాకా, అక్కడినుండి టాంగామీద శ్రీనగరం దాకా పోగలిగేవాడు. శ్రీనగరం ఎత్తు దాదాపు 1,600 మీటర్లు. ఆపైన లడక్ పోవాలంటే బండిబాట లేదు. మూటలు మోసే కూలీలతో, గుర్రాలతో నడవాలి. లేహ్ సుమారు 420 కిలోమీటర్లు. పదిహేను పదహారు మజిలీలు. దారిలో 3,500 మీటర్ల జోజిలా కనుమ, 4,100 మీటర్ల ఫోటూలా కనుమ దాటాలి. కిన్లాక్ అనే సైనికాధికారి టిబెట్టులోనూ వాయవ్య హిమాలయాల్లోనూ పెద్ద మృగాల వేటను గూర్చి వ్రాసిన పుస్తకం 1869 నాటికే అచ్చయింది. ఆ తరువాతివారు దానిని చదువుకుని బయలుదేరేవారు.

ఈ ప్రయాణంలో ఒక చిత్రం ఉన్నది. ఆ దొరకు శరీరధర్మశాస్త్రం తెలియదు. దారి పొడుగు చూసి విసుక్కునివుంటాడు కూడ. కాని రోజుకు పాతిక కిలోమీటర్ల నడక అతని కాళ్లను సాధన చేయించింది. క్రమక్రమంగా పెరిగిన ఎత్తు అతని రక్తాన్ని పలుచని గాలికి అలవాటు చేసింది. వేటభూమి చేరేసరికి రెండు పనులూ పూర్తయిపోయేవి. ఈ రెండు పనులు ఒకటి కాదనీ, ఒకదానికి బదులు మరొకటి సరిపోదనీ తెలియటానికి మాత్రం ఇంకా చాలాకాలం పట్టింది.

ఆ కథ ఆల్ప్స్ కొండలలో మొదలవుతుంది. 1760లో జెనీవా శాస్త్రజ్ఞుడు ఒరాస్ బెనెడిక్ట్ ద సోస్యూర్, మోంబ్లాం శిఖరానికి దారి కనుగొన్నవారికి బహుమానం ఇస్తానని ప్రకటించాడు. 1786 ఆగస్టు 8న ఆ శిఖరాన్ని మొదట ఎక్కిన ఇద్దరిలో ఒకడు మిషెల్ గాబ్రియేల్ పక్కార్ అనే వైద్యుడు. రెండవవాడు జాక్ బల్మా, కొండల్లో స్ఫటికాలు ఏరుకుంటూ షామ్వాలను వేటాడుతూ బ్రతికేవాడు. మరుసటి సంవత్సరం సోస్యూర్ తానే శిఖరం చేరాడు. అక్కడ గంటలకొద్దీ కూర్చున్న తరువాత కూడ తన నాడీ, తనవారి నాడీ నిమిషానికి నూరుకు అటూ ఇటూగా కొట్టుకోవటం గమనించి వ్రాసుకున్నాడు. లోయలో అవే నాడులు చాలా మెల్లగా కొట్టుకునేవి. అలసట తీరినా గుండె ఎందుకు పరుగెత్తుతున్నది? శారీరక శ్రమ ఒక్కటే కారణం కాదని దీనితో తేలింది.

వేటగాళ్లను గురించి సోస్యూర్ చెప్పిన ఒక విషయం మరువరానిది. ఒక యువకుడు, తన తాత, తండ్రి ఇద్దరూ షామ్వా వేటలోనే పోయారనీ, తానూ అలాగే పోతాననీ, భుజాన ఉన్న వేటసంచే తన శవవస్త్రమనీ అతనితో చెప్పాడట. రెండేళ్లకు అలాగే జరిగింది. ఎంత బలమైన కాళ్లయినా జారే బండ ముందు బలహీనమే.

ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు పాల్ బేర్ 1878లో వెలువరించిన మహాగ్రంథం సోస్యూర్ సందేహాన్ని తీర్చింది. ఎత్తున గాలిలో ఆమ్లజని పాలు తగ్గదు. అక్కడా ఇక్కడా నూటికి సుమారు ఇరవై ఒకటే. తగ్గేది వాయుపీడనం. దానితోపాటు ఆమ్లజనిని రక్తంలోకి నెట్టే పీడనమూ తగ్గుతుంది. హైదరాబాదులో వాయుపీడనం సుమారు 710 మిల్లీమీటర్ల పాదరసం. 5,500 మీటర్ల ఎత్తున అది సముద్రమట్టపు పీడనంలో సగమే. ఎవరెస్టు శిఖరంపై 1981లో క్రిస్ పిజ్జో అనే వైద్యుడు స్వయంగా భారమితి పట్టుకుని కొలిచినప్పుడు 253 మిల్లీమీటర్లు వచ్చింది, అంటే మూడవవంతు.

ఇక శ్రమ లెక్క చూద్దాం. గాజులరామారానికి సుమారు అరవై కిలోమీటర్ల దూరాన భువనగిరి కొండ ఉన్నది. పశ్చిమ చాళుక్యరాజు త్రిభువనమల్ల ఆరవ విక్రమాదిత్యుని పేర కోట కట్టబడిన ఏకశిల అది; చుట్టుపక్కల నేలపై అయిదువందల అడుగులకు, అంటే 150 మీటర్లకు, తక్కువ కాదు. అరవై కిలోల యువకుడు పది కిలోల మూటతో దీనిని ఎక్కాడనుకుందాం. 70 కిలోల బరువు 150 మీటర్లు లేచింది. చేసిన పని 70 × 9.8 × 150, అంటే సుమారు 103 కిలోజౌళ్లు. కండరం తాను వాడే శక్తిలో నాలుగవ వంతునే పనిగా మార్చగలదు. తక్కినది వేడిగా పోతుంది. (చొక్కా తడవటం అందుకే.) కాబట్టి ఖర్చయిన శక్తి సుమారు 412 కిలోజౌళ్లు. ఒక లీటరు ఆమ్లజనితో శరీరం దాదాపు 20 కిలోజౌళ్ల శక్తి పుట్టిస్తుంది. ఎక్కటానికి కావలసిన ఆమ్లజని ఇరవై లీటర్ల పైమాట.

పది నిమిషాల్లో ఎక్కితే నిమిషానికి రెండు లీటర్లు. ఊరక కూర్చున్నా కావలసిన పావు లీటరు దానికి కలపాలి. ఇక్కడే చిక్కు వస్తుంది. ఏ మనిషైనా నిమిషానికి ఇంత అనే హద్దు వరకే ఆమ్లజనిని వినియోగించగలడు. ఈ హద్దును మొదట స్పష్టంగా చూపినది ఏ.వి. హిల్ అనే ఆంగ్ల శాస్త్రజ్ఞుడు. 1922 నోబెల్ బహుమానం పొందిన ఈయన, తన సహచరుడు లప్టన్‌తో కలిసి 1923లో ప్రకటించిన పరిశోధనలో తానే పాత్రధారి. వదిలిన ఊపిరిని పట్టే పెద్ద సంచిని వీపున కట్టుకుని గడ్డినేలమీద పరుగెత్తాడు. వేగం పెంచినకొద్దీ ఆమ్లజని వాడకం పెరిగి, నిమిషానికి నాలుగు లీటర్ల దగ్గర ఆగిపోయింది. ఆపైన ఎంత వేగంగా పరుగెత్తినా పెరగలేదు.

సాధన లేని మన అరవై కిలోల యువకునికి ఈ హద్దు నిమిషానికి రెండున్నర లీటర్లలోపు ఉండవచ్చు. అతనికి భువనగిరి పది నిమిషాల్లో ఎక్కటం దాదాపు చివరి శక్తిదాకా పోవటమే. మాట రాదు, చేయి వణుకుతుంది, అప్పుడు తుపాకి గురి కుదరటం కల్ల. సాధనతో హద్దు మూడు లీటర్లు దాటిన అతని అన్నకు అదే కొండ, అదే వేగం, మూడింట రెండువంతుల శ్రమ మాత్రమే. అతడు ఎక్కుతూ కబుర్లు చెప్పగలడు. కొండ వేటగాళ్లు శరీరసాధన ఎందుకు చేసేవారో ఇందులో ఉన్నది: శిఖరం చేరటానికే కాదు, చేరినప్పుడు శ్వాస అదుపులో ఉండటానికి.

సాధన దేహంలో ఏమి మారుస్తుంది? ముఖ్యంగా గుండె. విశ్రాంతిలో నిమిషానికి అయిదు లీటర్ల రక్తం పంపే గుండె, గట్టి శ్రమలో సామాన్యునిలో ఇరవై లీటర్ల దాకా, మంచి పరుగువీరునిలో ముప్పై దాటి కూడ పంపుతుంది. నాడి వేగం ఇద్దరికీ ఒకటే కావచ్చు. ఒక్కొక్క కొట్టుకు పంపే రక్తం ఎక్కువ కావటమే తేడా. రెండవ మార్పు కండరంలోనిది. 1967లో జాన్ హాలొజీ ఎలుకలను నెలల తరబడి పరుగెత్తించి చూసి, వాటి కండరకణాల్లో ఆమ్లజనిని వాడుకునే మైటోకాండ్రియాల శక్తి బాగా పెరిగినట్లు చూపాడు.

ఈ లాభం నిలువదు. 1966లో అమెరికాలోని డల్లాస్ నగరంలో అయిదుగురు ఆరోగ్యవంతులైన యువకులను మూడు వారాలు మంచం దిగనివ్వలేదు. వారి ఆమ్లజని హద్దు నూటికి ఇరవై ఏడు వంతులు తగ్గింది. సాధనతో అది తిరిగి వచ్చింది. ముప్పై ఏళ్ల తరువాత ఆ అయిదుగురినే మళ్లీ పరీక్షిస్తే ఆశ్చర్యకరమైన విషయం బయటపడింది: ముప్పై ఏళ్ల వయస్సు చేసిన నష్టంకన్న, ఆనాటి మూడు వారాల మంచం చేసిన నష్టమే ఎక్కువ! జ్వరంతో పదిరోజులు పడుకుని లేచి, వెంటనే కొండ ఎక్కబోయేవాడు ఈ మాట జ్ఞాపకం ఉంచుకోవాలి.

వేటగాళ్లకు మరొక సాధన కావాలి. దానిని చాలామంది మరచిపోతారు. మృగం పైన పడిందంటే పని సగమే అయినట్లు. మాంసం, తోలు, కొమ్ములు వీపున వేసుకుని దిగాలి. దిగటం తేలిక అనిపిస్తుంది. ఆమ్లజని లెక్కలో నిజంగానే తేలిక. 1952లో ఇంగ్లాండులో అబట్, బిగ్లాండ్, రిచీ అనే ముగ్గురు ఒక చమత్కారమైన ప్రయోగం చేశారు. రెండు సైకిళ్లను వీపువీపుగా పెట్టి ఒకే గొలుసుతో కలిపారు. ఒకరు ముందుకు తొక్కుతారు, రెండవవారు వెనక్కు తిరిగే పెడలును ఎదిరించి ఆపబోతారు. ఇద్దరి బలం సమానమే, కాని ఆపేవారికి ఖర్చయ్యే ఆమ్లజని చాలా తక్కువ. సన్నని స్త్రీ ఒకరు, తొక్కుతున్న పెద్దమనిషిని అలవోకగా నిలువరించగలిగింది. దిగేటప్పుడు తొడ కండరాలు చేసేది ఈ ఎదిరింపే; సాగుతూ బిగుస్తాయి. ఊపిరి సులభంగా ఉంటుంది గాని కండరపు పోగులు దెబ్బతింటాయి. మొదటిసారి తిరుపతి కొండ నడిచి దిగివచ్చినవారు మరునాడు మంచం దిగలేక మూలగటం మనం చూసినదే. విచిత్రమేమంటే, ఒక్కసారి ఈ దెబ్బ తిన్న కండరం కొన్ని వారాలపాటు రెండవ దెబ్బకు అంత లొంగదు. అందుకని కొండకు పోయేవాడు ముందుగా దిగటాన్ని కూడ సాధన చేయాలి. ఎక్కటం ఒక్కటే చాలదు. గాజులరామారం గుండ్లు ఇందుకు బాగా పనికివస్తాయి.

ఇంతవరకు చెప్పినదంతా పల్లంలో సంపాదించుకోదగినది. ఇక సంపాదించుకోలేనిది ఏమిటి?

1890లో ఫ్రెంచి వైద్యుడు వియో పెరూ దేశంలో 4,500 మీటర్ల ఎత్తున ఉన్న మొరొకోచా అనే గనుల ఊరికి వెళ్లి, తన రక్తాన్నే పరీక్షించి, కొద్ది వారాల్లో ఎర్రకణాల సంఖ్య బాగా పెరిగినట్లు కనుగొన్నాడు. ఎత్తుకు దేహం చేసే ఏర్పాట్లలో ఇది ఒకటి మాత్రమే. మొదటి గంటల్లోనే ఊపిరి వేగం, లోతు పెరుగుతాయి. ఆపైన కొద్ది రోజుల్లో మూత్రపిండాలు రక్తపు క్షారగుణాన్ని సరిచేసి ఆ ఊపిరికి దారి ఇస్తాయి. ఎర్రకణాలు పెరగటానికి వారాలు పడతాయి. ఈ మార్పులకు పరుగు, దండెం, బస్కీలు కారణం కావు. ఎత్తున గడిపిన కాలమే కారణం. గాజులరామారంలో ఎన్ని మెట్లు ఎక్కినా ఇవి రావు.

ఈ భేదానికి అతి కఠినమైన పాఠం 1962 చైనా యుద్ధకాలంలో లభించింది. మైదానాల్లో పుట్టిన భారత సైనికులను విమానాల్లో ఒక్కసారిగా ఎత్తైన సరిహద్దులకు చేర్చవలసి వచ్చింది. ఇందర్ సింగ్ నాయకత్వాన మన సైనిక వైద్యులు 1,925 మంది సైనికుల్లో ఎత్తు జబ్బును పరిశీలించి 1969లో ప్రకటించిన నివేదిక ఆ రంగంలో నేటికీ పేర్కొనబడుతుంది. తలనొప్పి, వాంతులు, నిద్రలేమి. కొందరికి ఊపిరితిత్తుల్లో నీరు నిండటం. కొందరికి మెదడు వాపు. వారు కసరత్తు లేనివారు కాదు. సైనికుని దేహం కంటె సిద్ధంగా ఉండే దేహం ఏది? అయినా జబ్బు బలవంతుణ్ణి వదలలేదు. పైగా, బలవంతుడు తొందరగా పైకి పోతాడు. అదే అతనికి ముప్పు. నడిచి పోయిన పాత వేటగాడికి పదిహేను మజిలీలు ఇచ్చిన రక్షణను విమానం ఒక్కగంటలో తీసివేసింది. నేడు వైద్యులు చెప్పే సూత్రం సులభమే: మూడువేల మీటర్లు దాటాక, రాత్రి పడుకునే ఎత్తును రోజుకు అయిదువందల మీటర్లకు మించి పెంచరాదు, మూడు నాలుగు రోజులకొకసారి ఆగాలి.

దీనికి ముందే గ్రిఫిత్ ప్యూ అనే ఆంగ్ల శాస్త్రజ్ఞుడు 1952లో చో ఓయు కొండవద్ద, 1953లో ఎవరెస్టు యాత్రలో ఆరోహకులకు కావలసిన ఆమ్లజని, నీరు, ఆహారం కొలిచి చెప్పాడు. పొడి గాలిలో వేగంగా ఊపిరి తీసేవానికి రోజుకు మూడు లీటర్లకు పైగా ద్రవం కావాలని అతడు పట్టుపట్టాడు. 1960–61 చలికాలంలో అతని బృందం 5,800 మీటర్ల ఎత్తున ఒక వెండిరంగు గుడిసెలో నెలలు గడిపింది. వారిలో మన సుఖమయ్ లాహిరి ఉన్నాడు. అంత ఎత్తున మనిషి కుదుటపడడనీ, మెల్లగా చిక్కిపోతూనే ఉంటాడనీ వారికి తెలిసింది. అలవాటుకూ ఒక పైహద్దు ఉన్నదన్నమాట.

ఇప్పుడు భువనగిరికి తిరిగివద్దాం. 2013లో అప్పటి ఆంధ్రప్రదేశ్ సాంఘిక సంక్షేమ గురుకుల విద్యాలయాల సంస్థ, అధికారి ఆర్.ఎస్. ప్రవీణ్ కుమార్ పూనికతో, విద్యార్థులను ఈ కొండమీద శిలారోహణకు దింపింది. శిక్షకుడు బచినేపల్లి శేఖర్ బాబు. వందకు పైగా పిల్లల్లో నుండి ఏరిన కొందరు డార్జిలింగ్‌లో 1954లో స్థాపితమైన హిమాలయన్ మౌంటెనీరింగ్ ఇన్‌స్టిట్యూట్‌కు వెళ్లి, సుమారు అయిదువేల మీటర్ల రెనాక్ శిఖరం ఎక్కారు. ఆపైన లడక్ చలికాలం. చివరకు మిగిలినవారు ఇద్దరు: నిజామాబాద్ జిల్లా పాకాల గ్రామానికి చెందిన మాలావత్ పూర్ణ, అప్పటి ఖమ్మం జిల్లా చర్లకు చెందిన సాధనపల్లి ఆనంద్ కుమార్. పూర్ణ తల్లిదండ్రులు వ్యవసాయ కూలీలు.

మెట్లను చూడండి: భువనగిరి ఆరువందల మీటర్లు, డార్జిలింగ్ రెండువేలు, రెనాక్ అయిదువేలు, లడక్, ఆ తరువాత టిబెట్టువైపు ఎవరెస్టు మూల శిబిరం సుమారు 5,200. పాత కొండ వేటగాని మజిలీలే ఇవి. ఈసారి తెలిసి వేసినవి. భువనగిరి చేతివేళ్లను, తొడలను, భయాన్ని చూసుకున్నది. ఊపిరి సంగతి పైమెట్లు చూసుకున్నవి. యాత్ర మొత్తం 52 రోజులు పట్టటం కూడ కొండ పొడవువల్ల కాదు. పైకి పోయి, కిందికి వచ్చి, మళ్లీ పోయి రక్తాన్ని అలవాటు చేయవలసి రావటంవల్ల. 2014 మే 25 ఉదయం ఇద్దరూ శిఖరం చేరారు. పూర్ణకు అప్పటికి పదమూడేళ్ల పదకొండు నెలలు. ఎవరెస్టు ఎక్కిన బాలికల్లో ఆమెకన్న చిన్నది లేదు. అంత చిన్న వయస్సువారిని పంపవచ్చునా అన్న తర్జనభర్జన అప్పుడు సాగింది, సాగవలసినదే; నేపాలు వైపు పదహారేళ్లలోపువారికి అనుమతి లేదు. ఏ పెద్దలైనా ఒక బాలికను అక్కడికి పంపేముందు రెండవసారి ఆలోచించటం తప్పు కాదు. కాని ఆమెను సిద్ధం చేసిన క్రమంలో శాస్త్రం తప్పుపట్టవలసినది కనబడదు. 2022లో ఆమె ఏడు ఖండాల ఎత్తైన శిఖరాలను పూర్తిచేసింది.

ఆమెకు ముందు నెల్లూరు జిల్లా గాంధీ జనసంఘం గ్రామానికి చెందిన మల్లి మస్తాన్ బాబు 2006లో ఆ ఏడింటినీ 172 రోజుల్లో ఎక్కాడు. అంతటి దేహసాధన గలవాడూ 2015లో ఆండీస్ కొండల్లో ఒంటరిగా పోయి తిరిగి రాలేదు.

ఉన్నత పాఠశాలలో ఉపాధ్యాయుడు తన తరగతితో చేయదగిన పని ఒకటి ఉన్నది. అమెరికాలో హార్వర్డ్ అలసట పరిశోధనశాలవారు రెండవ ప్రపంచయుద్ధకాలంలో యువకుల కోసం రూపొందించిన మెట్టు పరీక్ష అది. ఇరవై అంగుళాల ఎత్తున్న గట్టి బల్లపైకి నిమిషానికి ముప్పైసార్లు చొప్పున అయిదు నిమిషాలు ఎక్కిదిగాలి. మొత్తం 150 సార్లు, అంటే సుమారు 76 మీటర్లు. భువనగిరిని పది నిమిషాల్లో ఎక్కేవాని వేగం దాదాపు ఇదే. ఆపి కూర్చున్నాక ఒకటో నిమిషం, రెండో నిమిషం, మూడో నిమిషం చివరలనుండి అరనిమిషం చొప్పున నాడి లెక్కించాలి. ఆ మూడు సంఖ్యలను కూడి రెట్టింపు చేసి, దానితో 30,000ను భాగించాలి. ఉదాహరణకు 75, 65, 60 వస్తే మొత్తం 200, రెట్టింపు 400, ఫలితం 75, అంటే మధ్యస్థం. తొంభై దాటితే చాలా మంచిది. యాభైఅయిదు లోపయితే సాధన లేదని అర్థం. చిన్నపిల్లలకు బల్ల ఎత్తు తగ్గించాలి; గుండెజబ్బు, ఆయాసం ఉన్నవారిని కూర్చోబెట్టి నాడి లెక్కించే పని అప్పగించాలి. బల్ల లేకపోతే గాజులరామారంలో రాయికి కొదువ లేదు. జూన్‌లో వచ్చిన అంకెను పుస్తకంలో వ్రాసుకుని, వారానికి నాలుగు రోజులు గుండు ఎక్కి, మెల్లగా దిగుతూ గడిపి, దసరా సెలవుల ముందు మళ్లీ లెక్కించి రెండు అంకెలను పక్కపక్కన వేసి చూడవచ్చు.